అరటి కోడలు

ప్రశ్న: మేము కోల్‌కతాలో స్థిరపడిన తెలుగువారము. దుర్గాపూజలో గణపతి పక్కన ఎర్రంచు తెల్లచీర కట్టిన అరటి మొక్కను నిలిపి, ఆయన భార్య అని ఇక్కడివారు చెబుతారు. మా పదేండ్ల అమ్మాయి ‘మా వినాయకుడు బ్రహ్మచారి’ అన్నదట, తోటిపిల్లలు నవ్వారు. అప్పటినుండి ‘మనం చెప్పుకొనేది అబద్ధమా?’ అని అడుగుతున్నది. ఏమని చెప్పవలెను?

సమాధానం: అబద్ధం కాదని ధైర్యంగా చెప్పండి. ఇక ఆ చీరలో ఉన్నదెవరో తెలిస్తే తోటిపిల్లలే ఆశ్చర్యపోతారు. ఆమె గణపతికి తల్లి!

వంగదేశీయులు వాడుకలో ‘కొలా బౌ’, అనగా అరటి కోడలు అని పిలిచే ఆ మూర్తికి పూజావిధానంలో ఉన్న పేరు నవపత్రిక. మహాసప్తమినాటి తెల్లవారుజామున ఢాక్ వాద్యాల మ్రోతతో గంగ రేవుకు తీసికొనిపోయి, స్నానం చేయించి, చీర కట్టి తెచ్చి, గణపతికి కుడివైపున నిలుపుతారు. చీర చాటున అరటితో పాటు చేమ, పసుపు, జయంతి, మారేడు, దానిమ్మ, అశోకం, మానమనే పెద్ద చేమ, వరి ఉంటాయి. అన్నింటినీ తెల్ల శంఖపుష్పపు తీగతో కట్టుతారు. ఒక్కొక్క మొక్కకు ఒక్కొక్క దేవత: అరటికి బ్రహ్మాణి, చేమకు కాళిక, పసుపుకు దుర్గ, దానిమ్మకు రక్తదంతిక, వరికి లక్ష్మి, ఇట్లు తొమ్మండుగురు. అందరూ కలిసి నవపత్రికావాసిని అయిన దుర్గ. కొడుకు పక్కన నిలుచున్నందున లోకులు ఆమెను కోడలిని చేసి ఉండవచ్చును. గణపతి పెండ్లికి బయలుదేరి, మరచిన వస్తువుకై వెనుదిరిగి వచ్చేసరికి, కోడలు అన్నం పెట్టదేమోనన్న బెంగతో పార్వతి పది చేతులా తింటూ కనిపించిందనీ, ఆయన అరటి మొక్కను తెచ్చి ‘ఇదే నీ కోడలు’ అన్నాడనీ ఒక కథ కూడా ఉన్నది. శాస్త్రం కాకపోయినా, అత్తల మనసు తెలిసినవారు అల్లిన కథ!

మొక్క దేవి కావడం మనకు కొత్త కాదు. మార్కండేయ పురాణంలోని దేవీమాహాత్మ్యం పదునొకండవ అధ్యాయంలో, తన దేహంనుండి పుట్టిన శాకాలతో లోకాన్ని పోషిస్తానని అమ్మవారు వరమిస్తుంది. బెజవాడ కనకదుర్గమ్మను ఆషాఢంలో కూరగాయలతో శాకంబరిగా అలంకరించడం అందుకే. రక్తదంతిక పేరూ ఆ అధ్యాయంలోనిదే. ఆమె దంతాలు దానిమ్మ పూవులవలె ఎర్రనివట. చవితినాడు మనం గణపతికి అర్పించే ఇరువదియొక్క పత్రాలలో మారేడు, దానిమ్మ ఉన్నాయి. మనకు పత్రి పూజాద్రవ్యం. అక్కడ పత్రియే దేవత.

ఇక పెండ్లి సంగతి. అన్నదమ్ముల పందెం కథ మీ అమ్మాయికి తెలిసే ఉంటుంది. మన చవితి వ్రతకథలో ఆ పందెం విఘ్నాధిపత్యం కోసం. శివపురాణంలోని కుమారఖండంలో అదే పందెం ‘ముందు ఎవరికి పెండ్లి?’ అని. అక్కడ తల్లిదండ్రులకు ప్రదక్షిణం చేసి గెలిచిన గణపతికి సిద్ధి, బుద్ధి భార్యలు. క్షేముడు, లాభుడు కొడుకులు. ఓడిన కుమారస్వామి అలిగి క్రౌంచగిరికి పోయి బ్రహ్మచారిగా ఉండిపోయాడు. అతనిని వెదకుచు వచ్చిన శివుడే మల్లికార్జునుడైనాడని ఆ పురాణమే చెబుతుంది. అంటే మన శ్రీశైలం కథలో కుమారస్వామి అవివాహితుడు, బెంగాలీల కార్తిక్‌వలెనే. మనమేమో వల్లీదేవసేనలతో ఆయన కల్యాణం ఏటేటా జరుపుతూనే ఉన్నాము! ఈ మాట మీ అమ్మాయి స్నేహితులకు చెబితే నవ్వు సరిసమానమవుతుంది.

రాబోయే సప్తమికి అమ్మాయిని తెల్లవారకముందే రేవుకు తీసికొని వెళ్ళండి. చీర చుట్టిన తరువాత అరటి ఆకులు తప్ప తక్కినవి కంటబడడం కష్టం. తొమ్మిదీ లెక్కపెట్టుకోవలెనంటే చీర కట్టకముందే చూడవలెను.