బాహుదాను తెల్లవారుజామున పరీక్షించాలి

నదీజలాల గురించి ఆంధ్ర, ఒడిశా ఎప్పుడు మాట్లాడుకున్నా లెక్క టీఎంసీల్లోనే నడుస్తుంది. వంశధార ట్రిబ్యునల్ 2017లో తుది తీర్పు ఇచ్చింది నీటి పంపకం మీదే. 2021 నవంబరులో భువనేశ్వర్‌లో ఇద్దరు ముఖ్యమంత్రులు సమావేశమైనప్పుడు బాహుదా ప్రస్తావనకు వచ్చిందీ నీటి విడుదల కోసమే. ఎంత నీరు అన్న పట్టుదలలో, ఎలాంటి నీరు అన్న ప్రశ్న వెనకబడిపోయింది. బాహుదా గజపతి జిల్లా కొండల్లో పుట్టి, గంజాం పొలాల మీదుగా ఇచ్ఛాపురం వైపు దిగి, మళ్లీ ఒడిశాలో చికిటి బ్లాకులోని సునాపూర్ దగ్గర సముద్రంలో కలుస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే దాకా ఈ దారంతా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఇప్పుడు ఒకే నీరు రెండుసార్లు సరిహద్దు దాటుతోంది. దాని నాణ్యతను రెండు రాష్ట్రాలూ కలిసి, నది తీరు తెలిసి, సరైన వేళ చూసి పరీక్షించాలన్నదే నా వాదన.

పెద్ద ఫ్యాక్టరీలు లేని పల్లెటూరి నదికి ఇంత హడావుడి ఎందుకని కొందరు అడుగుతారు. ఫ్యాక్టరీ మురుగైతే గొట్టం ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది. పొలం నుంచి వచ్చే కాలుష్యానికి గొట్టం ఉండదు. వరికి వేసిన యూరియాలోని నత్రజనిలో సగానికి మించి పైరుకు అందదు. కొంత గాలిలో కలుస్తుంది, కొంత భూమిలోకి ఇంకుతుంది, మిగిలింది మడి నుంచి గెడ్డకు, గెడ్డ నుంచి నదికి చేరుతుంది. వేగంగా పారే నది గాలిలోని ఆక్సిజన్‌ను కలుపుకుంటూ కొంతవరకు తనను తాను బాగుచేసుకుంటుంది. ఎండాకాలంలో సన్నగిల్లి మందగించిన నీటికి ఆ బలం తగ్గుతుంది. పైగా 30 డిగ్రీల నీటిలో లీటరుకు దాదాపు 7.5 మిల్లీగ్రాములకు మించి ఆక్సిజన్ నిలవదు. చేపలు పెరగాలంటే కనీసం 4, స్నానానికి పనికిరావాలంటే కనీసం 5 ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. అంటే వేసవిలో నదికి మిగిలే వెసులుబాటు చాలా తక్కువ.

ఇక్కడే పరీక్ష వేళ ముఖ్యమవుతుంది. ఎరువు కలిసిన నిదాన జలంలో నాచు పెరుగుతుంది. ఎండ ఉన్నంతసేపు అది ఆక్సిజన్‌ను విడుదల చేస్తుంది, చీకటి పడ్డాక పీల్చుకుంటుంది. అందుకే మధ్యాహ్నం రెండింటికి తీసిన నమూనాలో నది ఆరోగ్యంగా కనిపిస్తుంది. అదే రేవులో తెల్లవారుజామున నాలుగింటికి చేపలు ఊపిరాడక పైకి తేలవచ్చు. షుగరు ఉన్నవారికి పరగడుపున ఒకసారి, తిన్నాక ఒకసారి రక్తం తీసినట్టే నదికీ వేళ చూసి పరీక్ష చేయాలి. పురుగుమందులదీ ఇదే కథ. మందు కొట్టిన తర్వాత పడిన మొదటి వానకు పొలం నుంచి కొట్టుకొచ్చిన విషం కొద్ది గంటల్లోనే దాటిపోవచ్చు. నెలకొకసారి కార్యాలయం పనివేళల్లో నింపే సీసాకు అది చిక్కుతుందన్న నమ్మకం లేదు. ఆ సీసా అబద్ధం చెప్పకపోవచ్చు, కానీ దాన్ని అడగాల్సిన వేళ అడగడం లేదు.

తెల్లవారుజామున గట్టు మీద ఎవరుంటారన్నది న్యాయమైన ప్రశ్నే. సమాధానం పల్లెల్లోనే ఉంది. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి గ్రామంలో ఐదుగురు మహిళలకు తాగునీటి పరీక్షా కిట్లతో శిక్షణ ఇవ్వాలన్న ఏర్పాటు ఇప్పటికే ఉంది. ఆ పనిని నది దాకా పొడిగించి, ఆక్సిజన్ కొలిచే చిన్న మీటరు ఒకటి చేతికిచ్చి, తగిన వేతనం కట్టిస్తే చాలు. కిట్టు లెక్క ప్రయోగశాల లెక్కంత కచ్చితం కాదు, నిజమే. కానీ కిట్టు పని తీర్పు చెప్పడం కాదు, అనుమానం పుట్టించడం. తేడా కనిపించినప్పుడు నమూనాను బరంపురంలోనో శ్రీకాకుళంలోనో ప్రయోగశాలకు పంపి నిర్ధారించుకోవచ్చు. రెండు ప్రభుత్వాలు ఒకే లెక్కను నమ్ముతాయా అంటే, ఐరోపాలో నమ్మాయి. 1986లో బాసెల్ దగ్గర సాండోజ్ గోదాము తగలబడి విషం రైన్ నదిలో కలిశాక, స్విట్జర్లాండ్, జర్మనీ సరిహద్దులో వైల్ దగ్గర ఉమ్మడి పరీక్షా కేంద్రం పెట్టుకున్నాయి. మనం ప్రమాదం జరిగేదాకా ఆగనక్కర్లేదు.

అసలు బలమైన అభ్యంతరం రైతుది. ఈ లెక్కలన్నీ చివరికి తన మెడకే చుట్టుకుంటాయని అతని భయం. లెక్క లేనప్పుడే ఆ ముప్పు ఎక్కువ. మలసంబంధ బ్యాక్టీరియా పెరిగితే అనుమానం ముందుగా ఊరి మురుగు మీదికి పోతుంది. ఊరికి ఎగువనా దిగువనా నైట్రేటు కొలిస్తే పొలం వాటా ఎంతో, కాలువ వాటా ఎంతో తేలుతుంది. పొలం నుంచే వస్తోందని తేలినా, గెడ్డలో కలిసిన యూరియా రైతు జేబులోని డబ్బే. ఇంకో మాట. ఇచ్ఛాపురం ఉన్న ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బుకు కారణం ఏళ్ల పరిశోధన తర్వాత కూడా తేలలేదు. ఆ నింద బాహుదా మీద వేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఇలాంటి చిక్కుముడి విప్పాలంటే పాత రికార్డులు కావాలి. నిన్నటి నీటిని ఈరోజు పరీక్షించలేం.

గంజాం, శ్రీకాకుళం కలెక్టర్లు ఈ ఖరీఫ్‌కు ముందే కలిసి మూడు చోట్లు ఎంచుకోవాలి. నది ఆంధ్రలోకి వచ్చే చోటు ఒకటి, ఇచ్ఛాపురానికి దిగువన ఒకటి, సునాపూర్ ముఖద్వారం ఒకటి. వేసవి తెల్లవారుజామున, తొలి వానకు, యూరియా చల్లిన వారంలో అక్కడ తప్పనిసరిగా నీరు తీయాలి. వచ్చిన అంకెలను తెలుగులో, ఒడియాలో పంచాయతీ బోర్డుల మీద రాయాలి. నీటి వాటా కోసం పోట్లాడే రెండు ప్రభుత్వాలకు ఆ నీటి మంచిచెడ్డలు తెలుసుకునే బాధ్యత కూడా ఉంది.