పారిస్‌లో ప్రకటన, హైతీలో పరీక్ష

ఆధునిక ఐరోపా చరిత్రను నేను చాలా ఏళ్లపాటు 1789 జులై 14తోనే మొదలుపెట్టేవాణ్ణి. బాస్టీల్ కోట కూలడం, ఆగస్టు 26న మానవ హక్కుల ప్రకటన, రాజు తల తెగిపడటం, నెపోలియన్ రాక... పోటీ పరీక్షల విద్యార్థులకు ఈ వరుస కంఠతా వచ్చేది. ఒకనాడు వెనుక బల్ల నుంచి ఒక కుర్రవాడు అడిగాడు: "మనుషులందరూ స్వేచ్ఛగా, సమానంగా పుట్టారని ప్రకటించిన రోజున ఫ్రాన్స్ చేతిలో బానిసలు ఉన్నారా సార్?" ఉన్నారన్నాను. "ఎంతమంది?" అన్నాడు. నా దగ్గర అంకె లేదు. ఊరి మధ్య ప్రకటించిన సమానత్వం వాడ దాకా వచ్చిందో లేదో మొదట వాకబు చేసేది వాడ బిడ్డలే. ఆ ప్రశ్న నాకు ముందే తట్టకపోవడం నా చదువులోని లోపం.

అంకె ఇది. ఫ్రాన్స్ వలస అయిన సాఁ దొమింగ్‌లో, అంటే నేటి హైతీలో, ఆనాడు సుమారు 5 లక్షల మంది బానిసలుండేవారు. తెల్లవారు 30 వేలు. దాదాపు అంతే సంఖ్యలో, బానిసత్వం నుంచి బయటపడిన మిశ్రమ వర్ణాల వారు, నల్లవారు. ఐరోపా తాగే కాఫీలో సగానికి పైగా ఆ చిన్న వలస నుంచే వెళ్లేదని అంచనా. బానిసల్లో అత్యధికులు ఆఫ్రికాలోనే పుట్టి ఓడల్లో వచ్చినవారు. చెరకు తోటల్లో చనిపోయేవారి స్థానాన్ని పుట్టేవారు భర్తీ చేయలేకపోయేవారు గనుక ఓడలు వస్తూనే ఉండాలి.

ఆ సమాజంలో ఇద్దరే లేరు, యజమాని, బానిస అని. నడుమ మెట్లున్నాయి. మొరో ద సాఁ మెరీ అనే వలస న్యాయవాది మనిషి నెత్తురును 128 పాళ్లుగా విభజించి, ఎన్ని పాళ్లు తెలుపైతే ఏ పేరుతో పిలవాలో పట్టిక వేశాడు. మనుస్మృతి పదో అధ్యాయంలోని సంకర జాతుల జాబితా చదివినవారికి ఈ పట్టిక కొత్తగా అనిపించదు. ఏ తండ్రికి ఏ తల్లికి పుడితే ఏ పేరు, ఏ పని అనే లెక్కలు అక్కడా ఇక్కడా ఒకే బుద్ధితో వేసినవే. నెత్తురు కలవడాన్ని ఆపలేనివాడు పేర్లు పెట్టి పగ తీర్చుకుంటాడు.

అంబేడ్కర్ చెప్పిన నిచ్చెనమెట్ల అసమానత అంటే ఏమిటో విన్సెంట్ ఓజే కథ చూపిస్తుంది. ఓజే మిశ్రమ వర్ణానికి చెందిన ధనవంతుడు. మానవ హక్కుల ప్రకటన తనకూ వర్తించాలని పారిస్‌లో వాదించి, ఓడిపోయి, 1790లో స్వదేశం వచ్చి ఆయుధం పట్టాడు. బానిసలను కలుపుకొందామని సహచరుడు షవాన్ అన్నప్పటికీ ఓజే ఒప్పుకోలేదు. అతడడిగింది తన మెట్టుకు హక్కులే. కింది మెట్టుకు కాదు. 1791 ఫిబ్రవరిలో ఇద్దరినీ చక్రానికి కట్టి ఎముకలు విరగ్గొట్టి చంపారు. పై మెట్టువాడు ఓజేను తనవాడిగా ఏనాడూ ఎంచలేదు, కింది మెట్టువారిని తనవారిగా ఓజే ఎంచలేదు.

అదే ఏడాది ఆగస్టు 22 రాత్రి ఉత్తర మైదానంలో బానిసలు తిరగబడ్డారు. చెరకు తోటలు, గానుగలు, యజమానుల ఇళ్లు కొన్ని వారాలపాటు మండాయి. ఆ మంటల వెలుగులోనే పారిస్ కళ్లు తెరిచింది. 1792 ఏప్రిల్‌లో స్వేచ్ఛాపరులైన మిశ్రమ వర్ణాల వారికి, నల్లవారికి సమాన హక్కులిచ్చింది. 1793 ఆగస్టు 29న, యుద్ధంలో చిక్కుకుపోయిన కమిషనర్ సొంతొనాక్స్ ఉత్తర ప్రాంతంలో బానిసత్వాన్ని రద్దు చేశాడు. మరుసటి ఏడాది సాఁ దొమింగ్ నుంచి ముగ్గురు ప్రతినిధులు పారిస్ కన్వెన్షన్‌లో అడుగుపెట్టారు: ఒక నల్లవాడు, ఒక మిశ్రమ వర్ణుడు, ఒక తెల్లవాడు. ఆ నల్లవాడు జాఁ బతీస్త్ బెలీ, ఒకప్పటి బానిస. మర్నాడు, 1794 ఫిబ్రవరి 4న, ఫ్రెంచి వలసలన్నిటా బానిసత్వం రద్దయింది. ప్రకటన వెలువడి అప్పటికి నాలుగున్నర ఏళ్లు. కనుక ఫ్రెంచి విప్లవ ఆదర్శాలు హైతీకి వ్యాపించాయి అని రాయడం తలకిందులు వాక్యం. పారిస్ తన మాటకు కట్టుబడేలా చేసింది హైతీ.

తర్వాతి కథను త్వరగా చెప్పవచ్చు. నెపోలియన్ బానిసత్వాన్ని తిరిగి నిలబెట్టడానికి 1801 చివర్లో సైన్యాన్ని పంపాడు. తుసాఁ లువెర్త్యూర్‌ను చర్చలకని పిలిచి బంధించారు. 1803 ఏప్రిల్ 7న జ్యురా కొండల్లోని చలికోటలో ఆయన చనిపోయాడు. ఆ ఏడాది నవంబర్ 18న వెర్తియేర్ వద్ద దెసాలీన్ సేనలు ఫ్రెంచివారిని ఓడించాయి. 1804 జనవరి 1న హైతీ స్వతంత్రమైంది.

1805 రాజ్యాంగంలో ఒక నిబంధన ఉంది, దాని దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. రంగు తేడాలన్నీ పోవాలని, హైతీయులందరినీ ఇకపై నల్లవారు అనే ఒకే పేరుతో పిలవాలని అది శాసించింది. పౌరసత్వం పొందిన తెల్ల స్త్రీలు, జర్మన్లు, పోలిష్‌లు కూడా అక్కడ హైతీయులే, కనుక చట్టం దృష్టిలో వారూ నల్లవారే! 128 పాళ్ల పట్టికకు ఇచ్చిన జవాబు అది. తిట్టుగా వాడిన పేరునే పౌరుని పేరుగా మార్చారు. దళిత అనే మాట చుట్టూ మనం చేసిన చర్చలన్నీ అక్కడ గుర్తొస్తాయి.

అలాగని ఈ విప్లవాన్ని దేవుడి గదిలో పెట్టి దీపం వెలిగించనక్కర లేదు. తుసాఁ విముక్తులైన వారిని మళ్లీ తోటలకే కట్టేసే నిబంధనలు తెచ్చాడు. దెసాలీన్ 1804లో మిగిలిన ఫ్రెంచివారిని ఊచకోత కోయించాడు. రాజ్యాంగం చెరిపేసిన రంగు గీతలు పాలకవర్గంలో మళ్లీ మొలిచాయి.

కానీ నన్ను ఎక్కువగా కలచివేసేది 1825. ఆ ఏడాది పదో చార్లెస్ యుద్ధనౌకలను పంపి, హైతీని గుర్తించాలంటే ఆస్తులు కోల్పోయిన యజమానులకు 15 కోట్ల ఫ్రాంకులు చెల్లించాలన్నాడు. ఆ ఆస్తుల్లో మనుషులూ ఉన్నారు. తమ దేహాలకు తామే వెల కట్టాల్సి వచ్చింది. మొదటి వాయిదాకే పారిస్ బ్యాంకుల దగ్గర అప్పు చేశారు. 1838లో మొత్తాన్ని 9 కోట్లకు తగ్గించినా, అప్పుకు అప్పు పుట్టి, చివరి బాకీ తీరేసరికి 1947 వచ్చింది. ఆ డబ్బు కాఫీ పండించిన రైతుల కష్టం నుంచే వచ్చింది.

బ్రిటన్‌దీ అదే నీతి. 1833లో బానిసత్వాన్ని రద్దు చేస్తూ 2 కోట్ల పౌన్లు యజమానులకిచ్చింది, బానిసలకు చిల్లిగవ్వ కూడా ఇవ్వలేదు. ఖాళీ అయిన తోటలకు కొత్త చేతులు కావాల్సి వచ్చాయి. 1834 నుంచి 1920 దాకా మారిషస్‌కు చేరిన దాదాపు 5 లక్షల ఒప్పంద కూలీల్లో మన ఉత్తరాంధ్ర, గోదావరి తీరాల వారూ ఉన్నారు. కోరంగి రేవు పేరు సముద్రం దాటి తెలుగువాడి పేరైంది. నేటికీ మారిషస్‌లో ఉగాది సెలవు దినం.

ఇక మన ఇంటి లెక్క. 1948 మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం కింద జమీందారుకు పరిహారం దక్కింది. సాగు హక్కున్న రైతుకు పట్టా దక్కింది. మరుసటి ఏడాది హైదరాబాద్‌లో జాగీర్లు రద్దయినప్పుడూ జాగీర్దార్లకు డబ్బు కట్టారు. తరతరాలుగా ఆ భూమిని దున్నిన పాలేరు, జీతగాడు ఈ లెక్కల్లో ఎక్కడా లేరు. కోల్పోయిందేమిటని అడిగితే చూపించడానికి యజమాని దగ్గర కాగితం ఉంటుంది. పాలేరు పోగొట్టుకున్నవి ఏ రికార్డులోనూ నమోదు కావు. 1873లో ఫూలే తన 'గులాంగిరి'ని అమెరికాలో బానిస విమోచనకు పాటుపడినవారికి అంకితం చేశాడంటే, ఈ రెండు దాస్యాల చుట్టరికం ఆయనకు ముందే తెలుసు.

ఇప్పుడు నేను పాఠం మొదట్లో నల్లబల్ల మీద రెండు తేదీలు రాస్తున్నాను: 1789 ఆగస్టు 26, 1791 ఆగస్టు 22. ఈ మధ్య ఒక విద్యార్థిని అడిగింది: "ఆ డబ్బు హైతీ తిరిగి అడిగిందా సార్?" అడిగింది. 2003లో అధ్యక్షుడు అరిస్టీడ్ సుమారు 2,100 కోట్ల డాలర్లు తిరిగి ఇమ్మన్నాడు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఆయన దేశం విడిచిపోవాల్సి వచ్చింది. 2025 ఏప్రిల్ 17న, అంటే ఆ ఫర్మానాకు సరిగ్గా 200 ఏళ్లు నిండిన రోజున, ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ రెండు దేశాల చరిత్రకారులతో ఒక కమిషన్ వేస్తామని ప్రకటించాడు. డబ్బు తిరిగిస్తామని మాత్రం అనలేదు.