మావయ్యను చంపమంటావా?

మా మేనల్లుడు మొన్న సెలవులకు వస్తూ బట్టల సంచీ కంటే బరువైన ప్లేస్టేషను పెట్టె ఒకటి మోసుకొచ్చాడు. పద్మనాభం వచ్చినవాళ్ళు సాధారణంగా కొండెక్కి అనంతపద్మనాభుణ్ణి చూస్తారు, దిగివచ్చి కుంతీమాధవస్వామి గుడిలో కాసేపు కూర్చుంటారు. వీడు మాత్రం ముందు గది కిటికీలు మూసుకుని నేరుగా జపానుకు ప్రయాణం కట్టాడు. ఆ ఆట పేరు 'ఘోస్ట్ ఆఫ్ త్సుషిమా'. మొదటి రోజు కాఫీ ఇచ్చి వచ్చేశాను. మూడో రోజుకి కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వారం తిరిగేసరికి వాడు నిద్రపోయాక నేనే కంట్రోలరు పట్టుకోవడం మొదలైంది.

ఈ వయసులో వీడియో గేములేమిటని నవ్వుకునే మిత్రులు నవ్వుకోండి. నేను చెప్పదలచుకున్నది ఆట బాగోగుల గురించి కొంచెమే. ఆడినవాళ్ళు దాని మీద వెలిబుచ్చే అభిప్రాయాల గురించే ఎక్కువ. కథ ముందే తెలిస్తే రుచి పోతుందనుకునేవారు ఈ టపాను ఇక్కడితో ఆపడం మంచిది.

అమెరికాలోని సక్కర్ పంచ్ అనే సంస్థ తయారుచేసిన ఈ ఆటను సోనీ 2020 జూలై 17న విడుదల చేసింది. 2024లో కంప్యూటర్లకూ వచ్చింది. కాలం 1274. మంగోలు సేన త్సుషిమా ద్వీపం మీద దిగుతుంది. కొమోదా తీరంలో ఎనభైమంది సమురాయిలు ఎదురునిలుస్తారు. వారిలో ఒక ప్రభువు ముందుకు వచ్చి, పద్ధతి ప్రకారం పేరు చెప్పుకుని, తనతో తలపడగల వీరుణ్ణి పంపమని సవాలు చేస్తాడు. ఖోతున్ ఖాన్ ఆయన మీద మద్యం కుమ్మరించి, నిప్పంటించి, తల నరుకుతాడు. ఆటలో మొదటి పది నిమిషాల్లోనే వచ్చే ఈ దృశ్యంలోనే కథంతా ఉంది. ఒకడు మర్యాద ప్రకారం యుద్ధానికి వచ్చాడు, ఎదుటివాడికి ఆ మర్యాద అక్కరలేదు.

ఆటగాళ్ళు మొదట మెచ్చుకునేది గాలిని. దారి చూపడానికి తెర మీద బాణపు గుర్తులేమీ ఉండవు. గాలి వీస్తుంది, గడ్డి వంగుతుంది, మనం అటు పోవాలి. 2020 గేమ్ అవార్డులలో కళాదర్శకత్వ పురస్కారం దీనికే వచ్చింది. జపానులో ఫామిత్సు పత్రిక నలభైకి నలభై మార్కులు వేసింది. బొమ్మను నలుపు తెలుపులోకి మార్చే 'కురొసావా' పద్ధతి కూడా ఉంది. 'సెవెన్ సమురాయ్'ను ఎప్పుడో చూసి మరిచిపోలేని నాబోటివాళ్ళు దాన్ని పెట్టుకుని అరగంట మురిసిపోతారు, ఆ తరువాత ఎర్రటి ఆకులు కనబడడం లేదని తీసేస్తారు.

ఇక ఫిర్యాదుల్లో ప్రధానమైనది విసుగు. చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేయాలి. నక్క వెనక పరుగెత్తి ఇనారి గుళ్ళు నలభైతొమ్మిది వెతకాలి. మా వాడు ఇరవయ్యోదాని దగ్గర విసిగి వదిలేశాడు. నాకు మాత్రం నక్కలంటే విసుగు పుట్టలేదు. కార్తీక అమావాస్యనాడు మా కొండ మెట్లు వెయ్యికి పైగా ఉన్నవాటి మీద మెట్టు మెట్టుకూ దీపం పెట్టే ఊరివాణ్ణి, చేసిన పనే మళ్ళీ చేయడాన్ని నేను లోపంగా లెక్కపెట్టలేను.

అసలు తగవు మరొకచోట ఉంది. కథానాయకుడు జిన్ సకాయి, అతణ్ణి పెంచిన షిమురా ప్రభువు. ఈ షిమురా జిన్ తల్లికి అన్నగారు, అంటే సాక్షాత్తూ మేనమామ. ఇంగ్లీషులో 'అంకుల్' అన్న ఒక్క ముక్కతో ఆడేవాళ్ళకు ఈ బరువు అంతగా తెలియదేమో గానీ మనకు తెలుస్తుంది. శత్రువును కళ్ళలోకి చూసి చంపు, వెనకనుంచి పొడవకు అని మేనమామ నేర్పాడు. ఆ పద్ధతిలో ద్వీపం నిలవదని మేనల్లుడు చీకట్లో చంపడం నేర్చుకున్నాడు. అదీ 'ఘోస్ట్'.

మా వాడూ, వాడి స్నేహితులూ రాత్రిళ్ళు ఫోనులో దీని గురించి వాదించుకుంటుంటే విన్నాను. అందరిదీ ఒకటే తీర్పు: షిమురా మూర్ఖుడు. గౌరవం పేరుతో మనుషుల్ని చంపించాడు. జిన్ చేసిందే సబబు. అంత మందిలో ఒక్కడు కూడా ముసలాయన పక్షం మాట్లాడలేదు. నాకు మనసు చివుక్కుమంది, నేనూ మేనమామనే కనుక.

నిజమే, వంతెన దగ్గర షిమురా మొండిగా మళ్ళీ దాడి చేయిస్తానంటాడు, ఎందరో చచ్చాక కూడా. అది సమర్థించలేం. అయితే జిన్ కోటలో మంగోలుల మద్యంలో విషం కలిపి వాళ్ళను చంపాక ఏం జరిగింది? ఆ విషం చేసే కిటుకు మంగోలులకే తెలిసిపోయింది. ద్వీపం ఉత్తర భాగానికి వెళ్ళేసరికి వాళ్ళు దాన్ని మనవాళ్ళ మీదే వాడుతున్నారు. మేనమామ భయపడ్డది ఇదే. ఈ సంగతి ఆటే చెబుతుంది, ఆడేవాళ్ళే మరిచిపోతారు. మరిచిపోవడం వాళ్ళ తప్పు కూడా కాదు. విషపు ములుకులను ఆట బహుమానంగా ఇస్తుంది. చీకట్లో పొడిచినందుకు నోటితో నాలుగు చీవాట్లు పెట్టి, చేతిలో కొత్త ఆయుధం పెడుతుంది. చీవాట్లు చెవికెక్కుతాయా? ఈ ఆటలో నాకు కనబడిన నిజమైన లోపం ఇది.

చరిత్ర సరిగా లేదన్న ఫిర్యాదు మరొకటి. 1274లో త్సుషిమా అధిపతి సో సుకెకుని సుమారు ఎనభైమంది రౌతులతో కొమోదాలో పోరాడి చనిపోయినమాట నిజం. తక్కినదంతా కల్పనే. జిన్ అక్కడక్కడా కూర్చుని హైకూలల్లుతాడు, హైకూ అప్పటికి ఇంకా కొన్ని శతాబ్దాల దూరంలో ఉంది. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అదే 2025 మార్చిలో వచ్చిన 'అస్సాసిన్స్ క్రీడ్ షాడోస్'లో యాసుకే అనే ఆఫ్రికా మనిషిని సమురాయిగా చూపినందుకు ఎంత రభస! యాసుకే నిజంగా 1581లో నొబునగా కొలువులో చేరిన మనిషి. లేని హైకూను ఒప్పుకున్న నోటితోనే ఉన్న మనిషిని కాదనడం చరిత్ర మీద ప్రేమ అనిపించుకోదు. అన్నట్టు, ఆ ఆటలో ఎదురు నిలిచి పోరాడేవాడు యాసుకే, చాటునుంచి చంపేది నవోయె. జిన్ ఒక్కడి గుండెలో జరిగిన తగవును ఇద్దరికి పంచి చేతులు దులుపుకున్నారని నా అభిప్రాయం.

ఇప్పుడు మా ఊరి సంగతికి వస్తాను. 1794 జూలై 10న ఈ పద్మనాభంలోనే విజయనగరం ప్రభువు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనతో పోరాడి నేలకొరిగాడు. పేష్కషు బకాయిల కింద కంపెనీ జమీను తీసేసుకుంది. నెలకు 1,200 రూపాయల భత్యం పుచ్చుకుని మచిలీపట్నం వెళ్ళి బతకమంది. ఆయన బయలుదేరినట్టే బయలుదేరి, ఇక్కడ ఆగిపోయాడు. చుట్టూ సుమారు నాలుగువేల మంది చేరారు. తెల్లవారుజామున కర్నలు ప్రెండర్‌గాస్ట్ దాడి చేశాడు. గంటలోపే అంతా అయిపోయింది. రాజూ, ఆయన ముఖ్య అనుచరుల్లో చాలామందీ ఆ నేల మీదే పడిపోయారు. పసివాడైన కొడుకు నారాయణబాబును కొండ జమీందారుల అండకు చేర్చారు. ఈ వంశమే 1758లో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళ మీద ఇంగ్లీషువాళ్ళకు తోడు నిలిచింది.

ఈయన చేసింది షిమురా పనే కదా? మూర్ఖత్వమేనా? చెట్టూ పుట్టా పట్టుకుని కొండల్లోకి పోతే కొన్నేళ్ళు పోరాడగలిగేవాడు. ఆ కొండలు ఎంత దూరమో మా డాబా ఎక్కి చూస్తే తెలుస్తుంది. అయినా వెళ్ళలేదు. 1,200 రూపాయల మనిషిగా బతకడమంటే ఏమిటో ఆయనకు తెలిసి ఉంటుందని నేననుకుంటాను. మా మేనల్లుడు అడిగిన ప్రశ్న కూడా కొట్టిపారేయలేనిదే: "ఆయన గౌరవం ఆయనది మావయ్యా, ఆయనతో చచ్చినోళ్ళ పేర్లు నీకు తెలుసా?" నాకు తెలియవు.

చీకటి దారి మనకు తెలియనిదీ కాదు. ఇదే వంశంలోని పెద విజయరామరాజు 1757లో బుస్సీని వెంటబెట్టుకుని బొబ్బిలి కోటను నాశనం చేశాక, తాండ్ర పాపారాయుడు కొద్దిమందితో రాత్రివేళ డేరాలో దూరి ఆయన్ను పొడిచి చంపాడు. మేము విజయనగరం వైపు మనుషులం. అయినా చిన్నప్పుడు బుర్రకథలో ఆ ఘట్టం వస్తే పాపారాయుడి కోసమే ఈలలు వేసేవాళ్ళం. డేరాలో పడుకున్న మనిషిని పొడవడం శౌర్యమా అని ఎవరూ అడగలేదు. కానీ సౌప్తికపర్వంలో నిద్రపోతున్నవాళ్ళను చంపిన అశ్వత్థామను మనం క్షమించలేదు. తేడా ఎక్కడుంది? నాకు తోచేది ఒక్కటే. పాపారాయుడు ఆ డేరాలోంచి తిరిగి వెళ్ళాలని రాలేదు, అక్కడే ప్రాణమిచ్చాడు. అశ్వత్థామకు పడిన శిక్ష బతికుండడం. జిన్ కూడా బతికే ఉంటాడు, తన వంశం పేరు పోగొట్టుకుని. ఆటగాళ్ళలో చాలామంది దాన్ని గెలుపనుకున్నారు.

అయితే నా లెక్కకు అందనివాడు ఒకడున్నాడు. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి, ఏయే తుపాకులు పట్టుకుపోయాడో కాగితం మీద రాసి సంతకం పెట్టి వెళ్ళాడు. అడవిలో పొంచి ఉండి కొట్టడమూ తెలుసు, పేరు చెప్పుకోవడమూ తెలుసు. షిమురా, జిన్ ఇద్దరిలో ఎవరో ఒకరే సరైనవాళ్ళని తీర్పు చెప్పేవాళ్ళకు నేనీయన్ను చూపిస్తాను.

ఇవన్నీ విన్నాక మావాడు "మన పద్మనాభం మీద కూడా ఇలాంటి ఆట తీస్తే బాగుణ్ణు" అన్నాడు. గంటసేపు కూడా జరగని యుద్ధానికి యాభై గంటల ఆట ఎలా తీస్తారురా అన్నాను. అన్నాక ఆలోచిస్తే, కొమోదా కూడా అంతే. త్సుషిమా నగరం ఆ ఆట దర్శకులిద్దరినీ 2021లో తమ ద్వీపానికి రాయబారులుగా నియమించింది. 2020 తుఫానులో అక్కడి వతత్సుమి గుడి ముందరి తోరణం కూలిపోతే, తిరిగి కట్టడానికి 50 లక్షల యెన్లు అడిగితే రెండున్నర కోట్లకు పైగా వచ్చాయి. ఇచ్చినవారిలో ఆ ద్వీపాన్ని తెర మీద తప్ప చూడని ఆటగాళ్ళు ఎందరో. మా ఊళ్ళో రాజు పడిపోయిన చోటు ఏదని బస్సు దిగి అడిగినవాణ్ణి ఇన్నేళ్ళలో నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. కనుక తీస్తే తీయనీ. పేర్లు తెలియనివాళ్ళకు కూడా అందులో ఒక్కో పేరు పెడితే చాలు.

ఆఖరి ఘట్టంలో షోగను ఆజ్ఞ ప్రకారం మేనల్లుణ్ణి చంపవలసిన షిమురా కత్తి దూస్తాడు, ఓడిపోతాడు. యోధుడిలా చావనివ్వమని అడుగుతాడు. తెర మీద రెండు దారులు కనబడతాయి. చంపడం ఒకటి, వదిలేయడం ఒకటి. మావాడు ఆట ఆపి నావైపు తిరిగాడు.

"ఏటి చెయ్యమంటావు మావయ్యా? చంపమంటావా?"

చంపమన్నాను. ఆయన అడిగింది అదే కదా అన్నాను. వాడు కాసేపు కంట్రోలరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, వదిలేశాడు. "నా వల్ల కాదు" అని లేచి వెళ్ళి పడుకున్నాడు.

రాత్రి ఒంటిగంటకు నేను లేచి, వాడు దాచుకున్న పాత సేవ్ తెరిచి, ఆ ద్వంద్వయుద్ధం మళ్ళీ ఆడాను. ఆరుసార్లు ఓడిపోయాను. ఏడోసారి గెలిచి, ముసలాయన అడిగింది ఇచ్చాను. ఈ సంగతి వాడికి ఇంకా చెప్పలేదు.