లారీ బొమ్మా? లారీ బరువా?

కంప్యూటర్‌లో లారీ తోలే ఆటల మీద మా హాస్టల్లో ఒకటే తగవు: బొమ్మ అసలు లారీకి అచ్చుగుద్దినట్టుందా, లేదా? నా మట్టుకు నాకిది సగం తగవే. ప్రాగ్ నగరపు ఎస్.సి.ఎస్. సాఫ్ట్‌వేర్ వారు 2012లో తెచ్చిన ‘యూరో ట్రక్ సిమ్యులేటర్ 2’నే తీసుకోండి. స్కానియా క్యాబిన్లో మీటర్లు, స్విచ్చులు, అద్దాలు ఎంత శ్రద్ధగా దిద్దారో! మెచ్చుకోక తప్పదు. కాని ఆ లారీని గోడకేసి గుద్దితే నష్టం శాతం పెరుగుతుందే తప్ప, బంపరుకు సొట్టయినా పడదు. ట్రెయిలర్ ఒరగకుండా సెట్టింగుల్లో ఓ మీట, జరిపితే చాలు.

లారీ డ్రైవరైన మా బాబాయిని ఓసారి కూర్చోబెట్టాను. డాష్‌బోర్డు చూసి మురిసిపోయాడు. దిగుడు రాగానే మొహం చిట్లించి, “వెనకాల ఇరవై టన్నులున్నట్టు నడుముకి తెలీట్లేదేంట్రా?” అన్నాడు. నిజం లారీలో అదేపనిగా బ్రేకు తొక్కితే డ్రమ్ములు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. అందుకే గేరు తగ్గించి, ఇంజనుతో నిలవేసుకుంటూ దిగాలి. ప్రాణాల మీది విద్య అది. ఆటలో గాలి బ్రేకుల అసలు తీరు ఉంది గాని, కోరి పెట్టుకున్నవాడికే. నేననేది, మొదటే ఆ మీటలన్నీ నిజం వైపు జరిపి ఇవ్వండి, చేతగానివాడు తగ్గించుకుంటాడు. అద్దాల నగిషీ తర్వాత.

హారన్ మాత్రం బాగుందన్నాడు బాబాయి.