సీటు కథలు – 6: వెనక సీటు లేని కారు



ఈ వారం కారు గురించి. రెండు సీట్ల కారు, టాపు తీసేసే కారు, అదీ సెకండ్ హ్యాండ్ కారు. మూడు నెలలుగా నేను రోజూ కాలేజీకి వెళ్లొచ్చేది దాన్లోనే. "ఉద్యమంలో తిరిగే మనిషికి ఈ షోకు అవసరమా?" అని మూడు చోట్ల నుంచి ప్రశ్న వచ్చింది. ఒకటి మా స్టాఫ్‌రూమ్. రెండు మా సంఘంలో పెద్దవాళ్లు. మూడు మా అమ్మ. ప్రశ్న ఒకటే అయినా ముగ్గురి మనసులో ఉన్నది వేరు వేరు. అందుకే ముగ్గురికీ విడివిడిగా జవాబు రాస్తున్నాను.

ముందు బండి సంగతి. దాని పేరు శాన్ స్టార్మ్. 1998 ప్రాంతంలో శాన్ మోటార్స్ అనే మన దేశపు కంపెనీ తెచ్చింది. ఫైబర్ బాడీ, రెండు తలుపులు, రెండు సీట్లు, నెత్తిన మడతపెట్టే గుడ్డ టాపు. ఇంజన్ ఫ్రాన్స్ వాళ్ల రెనోది, 1149 సీసీ, 60 హార్స్‌పవర్. ఇది రేసు కారేం కాదు. ఇప్పటి చిన్న కార్లు చాలా వాటికి ఇంతకన్నా ఎక్కువ బలం ఉంది. తయారీ ఆగిపోయి చాలా ఏళ్లయింది. నాది ఏపీ 16 బండి, విజయవాడలో ఒక పెద్దాయన దగ్గర కొన్నాను. రెండున్నర లక్షలు. నాలుగేళ్లు కట్టిన చీటీ డబ్బు. లోను లేదు.

ఇక స్టాఫ్‌రూమ్. మొన్న దసరాకి మా సహోద్యోగి ఒకాయన ఏడు సీట్ల పెద్ద బండి కొన్నాడు. ఏడేళ్ల లోను. అందరికీ స్వీట్లు పంచాడు, అందరూ చేతులు కలిపారు. ఇంట్లో ఉండేది ముగ్గురే గదా, ఏడు సీట్లెందుకని ఎవరూ అడగలేదు. నా పాత బండి గేటు దాటి లోపలికి రాగానే మొదటి ప్రశ్న "ఎంత పెట్టావ్?", రెండోది "అంత అవసరమా?", మూడోది నవ్వుతూ "మీకేంలే సార్, అన్నీ వస్తాయి." ఆ "అన్నీ" అంటే ఏంటో మనకి తెలుసు.

అవసరమా అనే ఈ మాట చూడండి. మనవాళ్లు స్కూటర్ కొంటే పనికి వెళ్లడానికి అనాలి. ఫోన్ కొంటే పిల్లల చదువుకి అనాలి. మంచి చొక్కా తొడుక్కుంటే ఇంటర్వ్యూ ఉందనాలి. ఊరికే ఇష్టమై కొన్నానంటే ఒప్పుకోరు. మనం వాడే ప్రతి వస్తువూ దరఖాస్తు ఫారం లాగా కారణం చూపించాలి. నేను పాఠం చెప్పే సాహిత్యంలోనూ ఇదే తంతు. మన ఆకలి మీద ఎన్ని పేజీలైనా దొరుకుతాయి. మన కన్నీళ్లకి కరువు లేదు. మన మనిషి ఒకడు ఏ కారణమూ లేకుండా సరదాగా, హాయిగా ఉన్న పేజీ వెతుక్కోవాలి. బండి తోలేవాడిగా కనిపిస్తాం గానీ బండి నచ్చి కొనుక్కున్నవాడిగా అరుదు.

ఇది కేవలం నా బాధ అనుకోకండి, చట్టం తెరిచి చూడండి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989ది. దాన్ని 2015లో సవరించారు. 2016 జనవరి 26 నుంచి సవరణ అమల్లోకి వచ్చింది. సెక్షన్ 3(1)లో చివర్లో 'జెడ్‌ఏ' అనే క్లాజు ఉంటుంది. అందులో 'బి' భాగం చదవండి. దళితుల్ని, ఆదివాసీల్ని బహిరంగ ప్రదేశంలో సైకిలు గానీ మోటారు సైకిలు గానీ ఎక్కనివ్వకపోవడం, చెప్పులు తొడుక్కోనివ్వకపోవడం, కొత్త బట్టలు కట్టుకోనివ్వకపోవడం, పెళ్లి ఊరేగింపు తియ్యనివ్వకపోవడం, ఆ ఊరేగింపులో గుర్రం మీదో ఇంకే వాహనం మీదో ఎక్కనివ్వకపోవడం నేరమని రాసుంది. ఇరవై ఒకటో శతాబ్దంలో పార్లమెంటు కూర్చుని సైకిలు, చెప్పులు, కొత్త బట్టలు అని పేరు పేరునా రాయాల్సి వచ్చింది. చట్టంలో అంత వివరంగా రాశారంటే దేశంలో అంత వివరంగా అడ్డుకుంటున్నారని అర్థం. అడ్డుకున్న ఆ జాబితాలో బియ్యం, పప్పు లేవు. ఉన్నవన్నీ నలుగురికీ కనపడేవి. ఊళ్లో ఒక గుర్రం ఎక్కితేనే ఓర్వలేనివాళ్లకి నా బండిలో 60 గుర్రాలున్నాయని చెప్పండి.

వాహనానికీ కులానికీ ఉన్న లెక్క బాబాసాహెబ్ తన జీవితంలోంచే రాసిపెట్టారు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చదవనివాళ్లు చదవండి, చిన్న పుస్తకం. 1901లో ఆయన పదేళ్ల పిల్లవాడు. నాన్న దగ్గరికి వెళ్లడానికి అన్నతో, మేనల్లుడితో కలిసి మసూర్ స్టేషన్‌లో దిగితే, వీళ్లు మహర్లని తెలిసి బండివాళ్లెవరూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయికి ఒకడు ఒప్పుకున్నాడు. ఒక షరతు మీద: బండి పిల్లలే తోలుకోవాలి, తను పక్కన నడుస్తాడు.

1929కి ఆయన బారిస్టరు. అంటరానివాళ్ల కష్టాలు విచారించడానికి బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీలో సభ్యుడు. చాలీస్‌గావ్‌లో దిగితే టాంగా తోలేవాళ్లు ఆయన్ని ఎక్కించుకుని తోలమన్నారు. మనవాళ్లు టాంగా కిరాయికి తెచ్చి, తోలడం చేతకాని తమ మనిషినే ముందు కూర్చోబెట్టారు. వంతెన మీద చక్రం ఇరుక్కుని బాబాసాహెబ్ ఎగిరి రాళ్ల మీద పడ్డారు. కాలు విరిగింది. దేశంలో ఎంత పెద్ద చదువు చదివినా వెనక సీట్లో కూర్చోనిచ్చే దిక్కు లేకపోయింది.

ఇప్పుడు సంఘం పెద్దవాళ్ల ప్రశ్న. "ఆ డబ్బుతో పదిమంది పిల్లలకి ఫీజు కట్టొచ్చు కదా తమ్ముడూ." ఈ మాట అన్న అన్న మీద నాకు గౌరవం ఉంది. ఆయన సైకిలు మీద తిరిగి సంఘం కట్టినవాడు. కానీ అన్నా, పిల్లల ఫీజు ప్రభుత్వం కట్టాల్సిన బాకీ. ఆ బాకీ కోసం కలెక్టరేట్ ముందు కూర్చున్నప్పుడు మీ పక్కన నేనూ ఉన్నాను, ఇకముందూ ఉంటాను. నా జీతంలో భాగం తీసి పల్లెకి ఇవ్వడం నా బాధ్యత, ఇస్తున్నాను. అయితే మనలో ఉద్యోగం వచ్చిన ప్రతివాడూ చచ్చేదాకా అప్పు తీరుస్తున్నట్టే బతకాలంటే నేను ఒప్పుకోను. పల్లెలో పదేళ్ల పిల్లవాడు మనల్ని చూసి పోరాటం ఒక్కటే నేర్చుకోకూడదు, బతుకంటే ఇష్టం కూడా నేర్చుకోవాలి.

మీ వాదనలో నిజం ఉన్నచోట మాత్రం తలవంచుతాను. ఈ బండి నలుగురికి పనికిరాదు. అర్ధరాత్రి పల్లెలో ఎవరికైనా నొప్పులొస్తే ఆమెను ఎక్కించుకోగలను గానీ తోడుగా వచ్చే తల్లిని ఎక్కించుకోలేను. సభకి మైకు సెట్టు తీసుకెళ్లలేను. వెనక డిక్కీలో రెండు సంచులు పడితే ఎక్కువ. ఈ లెక్క చూసుకునే కొన్నాను. ఇంట్లో నేనూ, అమ్మా, నాన్నా. రోజూ తిరిగేది నేనొక్కణ్నే. కుటుంబం పెద్దదైనవాళ్లు, ఒకే బండితో అన్ని పనులూ చూసుకోవాల్సినవాళ్లు దీని జోలికి పోవద్దు.

మూడో ప్రశ్న అమ్మది. జవాబు కష్టమైనది కూడా అమ్మకే.

"నువ్వు కొన్నందుకు కాదు నాయనా, ఆ టాపు మూసుకుని పో. నలుగురి కళ్లల్లో పడతావ్" అంది.

అమ్మది చాదస్తమనుకోవద్దు. మాది తెనాలి వైపు పల్లె. చుండూరు మాకు పొరుగు. 1991 జూలైలో అక్కడ సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు రెడ్ల అబ్బాయికి తగిలిందన్న గొడవతో మొదలైంది. ఆగస్టు 6న 8 మంది మనవాళ్లని వెంటాడి నరికి చంపారు. గోనెసంచుల్లో కట్టి కాలవలో వేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ నిర్దోషులని వదిలేసింది. అప్పటికి నాకు మూడేళ్లు, నన్ను చంకనేసుకుని చర్చిలో తలదాచుకున్న అమ్మకి ఒక సినిమా హాలు సీటు ఎంత దూరం వెళ్తుందో తెలుసు. ఆమె భయం వెనక లెక్క ఉంది. టాపు లేని బండి అంటే అద్దం లేదు, తలుపుకి పైన ఏమీ లేదు, ముఖం, భుజాలు, మెళ్లో కండువా అన్నీ బయటికే.

నేను టాపు మూయను. ఊరి నడివీధిలో పొద్దున్నే తీసుకునే వెళ్తున్నాను. మా తాత ఆ వీధిలో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాడు. మా చిన్నాయన సైకిలు దిగి నడిపించుకుంటూ పోయాడు. ఆ వీధి పంచాయతీ వాళ్లు వేసిన సిమెంటు రోడ్డు, ఎవరి తాతదీ కాదు. అయితే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. నాకు ప్రభుత్వ ఉద్యోగం ఉంది, సంఘం ఉంది, ఫోను చేస్తే వచ్చే వకీలు ఉన్నాడు. ఇవేవీ లేని తమ్ముడు టాపు మూసుకుని వెళ్తే అతన్ని పిరికివాడనే హక్కు నాకు లేదు. ధైర్యం ఒక్కొక్కడి గుండెలో పుట్టేది కాదు, వెనక ఎంతమంది ఉన్నారన్న నమ్మకంలో పుట్టేది. ఆ నమ్మకం పెంచడమే మన పని.

నాన్న మాత్రం ఏమీ అడగలేదు. ఆయన ఇరవై ఆరేళ్లు కామందు ట్రాక్టరు తోలాడు, ఆ తర్వాత వాళ్ల అంబాసిడర్ తోలాడు. ఎండలో తలుపు తీసి నిలబడటం ఆయన ఉద్యోగంలో భాగం. మొదటిసారి నా పక్కన కూర్చున్నప్పుడు అలవాటుగా వెనక్కి తిరిగి చూశాడు. చూసి, "ఇందులో కామందు యాడ కూర్చుంటాడ్రా?" అన్నాడు.

నేను ఇంత పొడుగు రాసిందంతా ఆ ఒక్క మాటలో ఉంది. మన దేశంలో కారంటే వెనక సీటు. తోలేవాడు ముందు, యజమాని వెనక. తోలేవాడికి అద్దంలోంచి మాటలు, వెనకవాడికి తలుపు తీసే మర్యాద. ఈ బండిలో ఆ ఏర్పాటుకి చోటే లేదు. తోలేవాడిదే బండి. ఎక్కినవాడెవరైనా పక్కనే కూర్చోవాలి, అదే ఎత్తులో, అదే ఎండకి. మా ప్రిన్సిపాల్ ఎక్కినా అంతే, మా స్వీపరమ్మ ఎక్కినా అంతే. ఇద్దర్నీ ఎక్కించుకున్నాను కాబట్టే చెబుతున్నాను.

ఇష్టపడి అడుగుతున్న విద్యార్థులకి నాలుగు మాటలు. ఇలాంటిది కొనాలంటే ముందు మీ చేతిలో డబ్బుండాలి. ఇరవై ఏళ్ల బండికి వడ్డీకి తేవద్దు. నెల నెలా కట్టే కిస్తీ కొత్త రకం పాలేరుతనం, కట్టేవాడు మారాడు గానీ కట్టు మారలేదు. చూడ్డానికి పగలే వెళ్లండి. టాపు వేసి రెండు బకెట్ల నీళ్లు పోయించండి, తర్వాత కాళ్ల కింది మ్యాటు ఎత్తి చేత్తో తడిమి చూడండి. గుడ్డ కుట్లు, వెనక ప్లాస్టిక్ అద్దం చూడండి. ఫైబర్‌కి తుప్పు పట్టదని అమ్మేవాడు చెబుతాడు, నిజమే, కింద ఉన్న ఇనుముకి పడుతుంది, లిఫ్టు మీద ఎక్కించి చూడండి. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే మార్చలేదనే లెక్క. నా బండి టాపు వయసైపోయి చిరిగితే తెనాలిలో సీటు కవర్లు కుట్టే మా మేనమామ కొత్త గుడ్డ కుట్టాడు. ఇంట్లోవాణ్నని మజూరీ తగ్గించబోతే నేనే ఒప్పుకోలేదు. మన చేతిపనికి మనమే వెల తగ్గిస్తే ఇంకెవరిస్తారు?

కాగితాలు గట్టిగా చూసుకోండి. పదిహేనేళ్లు దాటిన బండికి ఆర్‌సీ రెన్యువల్ అయిందా, ఎప్పటిదాకా ఉంది అన్నది ముందు అడగండి. ఆ తర్వాత అయిదేళ్లకోసారి చేయించాలి. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు డబ్బిచ్చే రోజే తీసుకోండి. 30 రోజుల్లోపు మీ పేరుకి మార్పించాలి, ఇన్సూరెన్స్ 14 రోజుల్లోపు. బండి వేరే పేరు మీద ఉండగా ఏ చిన్న గొడవ జరిగినా స్టేషన్‌లో మనవాడు దొంగబండి తోలినవాడవుతాడు. మనకి కాగితమే కవచం.

ఎండ సంగతి కూడా అడుగుతున్నారు. మే నెల గుంటూరు మధ్యాహ్నం టాపు తీసేది సినిమాల్లోనే. పొద్దున ఏడింటిలోపు, సాయంత్రం పొద్దుగూకాక తీస్తాను. బండి కిందికి ఉంటుంది కాబట్టి స్పీడు బ్రేకర్ల దగ్గర ఏటవాలుగా, మెల్లగా దాటాలి. వెనకున్నవాళ్లు హారన్ కొడతారు. కొట్టనివ్వండి.

సొంత కారు కొంటే కులం పోదు. బస్సులో సీటు, హాస్టల్లో మంచం, కోర్టులో న్యాయం, వీటి కోసం కొట్లాట ఒక్క రోజు కూడా ఆగకూడదు. ఆ కొట్లాటకి వెళ్లేవాడు ఏ బండి మీద వెళ్లాలో, ముఖం మీద ఎంత నవ్వుతో వెళ్లాలో మాత్రం ఇంకొకరు చెప్పక్కర్లేదు. మీ పల్లెల్లో సైకిలు దిగి నడిచిన తాతలు ఇంకా ఉంటే ఏ వీధిలో దిగేవాళ్లో అడిగి రాసిపెట్టండి, రోడ్డు పేరుతో సహా. ఆ వీధుల జాబితా మనకి కావాలి.

వచ్చే వారం పల్లెవెలుగు బస్సులో కిటికీ పక్క సీటు గురించి.

జై భీమ్.