పేరు ప్రక్కన సర్వనామము

ఇటీవలి కాలమున విద్యార్థుల మధ్య ఒక చిన్న విషయమై పెద్ద వాదోపవాదములు జరుగుచున్నవి. సామాజిక మాధ్యమములలో తమ పేరు ప్రక్కన, తమను ఏ సర్వనామముతో పేర్కొనవలెనో వ్రాసికొనుట ఆ విషయము. 'హి', 'షి', 'దే' అను ఆంగ్లపు మాటలు కొందరి పేర్ల క్రింద కనబడుచున్నవి. ఇన్‌స్టాగ్రామ్ వారు 2021 మే నెలలో, మొదట కొలది పాశ్చాత్య దేశములలో, ఇందుకై ప్రత్యేకముగా ఒక గడి నేర్పరచిరి. దీనిని చూచి కొందరు నవ్వుచున్నారు. అట్లు వ్రాయని వారిని వెనుకబడిన వారిగా కొందరు తలంచుచున్నారు. రెండును తొందరపాటేయని మా అభిప్రాయము.

ఇది పరదేశపు వేలంవెర్రియని నవ్వువారు ముందుగా మన జహీరాబాద్ బజారులోని మాటలు చెవిపెట్టి వినవలెను. ఇచ్చట తెలుగున్నది, ఉర్దూ యున్నది, బీదరు వైపు నుండి వచ్చు కన్నడమున్నది. ఈ మూడు భాషలు ఆడ మగ భేదమును మూడు విధములుగా చెప్పును. ఉర్దూలో 'వొహ్' అను సర్వనామము ఇరువురికీ ఒకటే. కాని క్రియ దాచదు. 'ఆతా హై' అన్న పురుషుడు, 'ఆతీ హై' అన్న స్త్రీ. అంతియే కాదు, తనను గూర్చి తాను చెప్పుకొనునపుడు సైతము 'జాతా హూఁ', 'జాతీ హూఁ' అని తేల్చి చెప్పక తప్పదు. అనగా ఉర్దూ మాటలాడు విద్యార్థి రోజుకు నూరుమార్లు తన లింగమును తానే ప్రకటించుచున్నాడు, ప్రకటించుచున్నది! కన్నడమున 'బందను', 'బందళు' అని స్త్రీకి వేరుగా క్రియారూపమున్నది. తెలుగున 'నేను వచ్చాను' అన్నచో చెప్పినవారెవరో తెలియదు. మన లింగము మన నోట లేదు, ఎదుటివారి నోట నున్నది. అట్టి భాషలో, నన్ను ఇట్లు పిలువుడని ఎదుటివారికి ముందుగా చెప్పుకొనుట వింత యెట్లగును?

తెలుగున మరియొక చిక్కున్నది. చిన్నయసూరి బాలవ్యాకరణమున మహత్తు, మహతి, అమహత్తు అని విభజించి చూపినాడు. 'ఆమె వచ్చింది', 'బస్సు వచ్చింది' - క్రియ ఒక్కటే. ఏకవచనమున స్త్రీని వస్తువుల సరసన నిలిపిన మన భాష బహువచనమునకు వచ్చుసరికి 'వారు వచ్చారు' అని పురుషులతో సమముగ కూర్చుండబెట్టును. ఆంగ్లేయులు ఒక వ్యక్తికే 'దే' అనవచ్చునా యని చాలకాలము వాదించుకొని, మెరియం వెబ్‌స్టర్ నిఘంటువు వారు 2019లో ఆ మాటనే ఆ సంవత్సరపు పదముగా ప్రకటించిరి. స్వీడను దేశీయులు 'హెన్' అను క్రొత్త మాటను కల్పించుకొని 2015లో తమ అకాడమీ పదకోశమునకెక్కించిరి. మనకు అంత శ్రమ అక్కరలేదు. 'వారు' అను మాట, స్త్రీయా పురుషుడా అని యడుగకయే, ఏనాడో మన యింట నున్నది.

ఐతే ఆ 'వారు' ఎవరికి దక్కుచున్నది? కలెక్టరు వారు, ప్రిన్సిపాలు వారు. వరండా తుడుచు ఆమెకు దక్కుట లేదు. రైలులో చేయి చాచు హిజ్రాకు అసలే దక్కదు. 'వాడు' అనియో 'అది' అనియో అందురు. 'అది' అను మాట ఇంటిలో చిన్న చెల్లెలి పట్ల ముద్దుగా వినబడును, వీధిలో అదే మాట ఉమ్మివేసినట్లుండును. కావున తెలుగున సర్వనామపు ప్రశ్న మొదట మర్యాద ప్రశ్న, తరువాతనే లింగపు ప్రశ్న.

ఇది కేవలము మాటల వ్యవహారము కాదు. నిజాం కాలమున, 1329 ఫస్లీలో, అనగా 1919 ప్రాంతమున, మన ప్రాంతమున ఒక చట్టము పుట్టినది. దాని ప్రకారము నపుంసకుల పేర్లు రిజిస్టరులో వ్రాసి యుంచవలెను. అట్లు వ్రాయబడినవారు ఆడుదుస్తులతో వీధిలో కనబడినను, ఆడినను, పాడినను వారంటు లేకయే అరెస్టు చేయవచ్చును. నిజాం రాజ్యము పోయినను ఆ చట్టము పోలేదు. వైజయంతి వసంత మొగ్లి ప్రభృతులు న్యాయస్థానమునకెక్కగా, 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసినది. అంతకు ముందే, 2014 ఏప్రిల్ 15న, తన లింగమేదో తానే చెప్పుకొను హక్కు వ్యక్తికి కలదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పియున్నది. 2015లో హైదరాబాదు నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయము ఒక విద్యార్థి కోరిక మన్నించి పట్టా మీద 'మిస్' అనుటకు మారుగా, ఆడ మగ తెలియని 'ఎం.ఎక్స్.' అను గౌరవవాచకమును అచ్చొత్తినది. 2022లో ఇరువురు ట్రాన్స్‌జెండర్ వైద్యులు ఉస్మానియా ఆసుపత్రిలో ఉద్యోగమున చేరిరి. జ్వరముతో పోయిన రోగి వారిని 'డాక్టరు గారూ' అనియే పిలుచును గదా!

ఇక రెండవ పక్షము వారికొక మాట. అందరును వ్రాయవలెననుట మాకు సమ్మతము కాదు. మన ఊరి ఆడపిల్లలలో ఎందరో తమ ముఖమునకు మారుగా గులాబీ పువ్వు బొమ్మను పెట్టుకొనుచున్నారు; పేరు స్థానమున రెండక్షరములు మాత్రమే వ్రాయుచున్నారు. ఏలన, 'నేను ఆడపిల్లను' అని తెలిసిన మరుక్షణము అపరిచితుల సందేశములు వచ్చి పడును. వారిని 'షి' అని ప్రకటించుకొమ్మనుట అభ్యుదయము కాదు. తన్ను గూర్చి తానింకను తేల్చుకొనని పద్దెనిమిదేండ్ల విద్యార్థి కూడ నిర్బంధము వలన అబద్ధమాడవలెను, లేదా ఇంటిలో చెప్పని మాట ఊరికి చెప్పవలెను. ఇన్‌స్టాగ్రామ్ వారే ఆ గడిని ఐచ్ఛికముగ నుంచి, అనుచరులకు మాత్రమే కనబడునట్లు చేసికొను వీలు కల్పించిరి. వ్యాపారులు చూపిన ఆపాటి వివేకము మనకుండవలదా?

వ్రాసికొనిన వారికి దాని వలన ప్రయోజనము లేకపోలేదు. కిరణ్, నసీమ్, షమీమ్, నూర్ - ఈ పేర్లు చూచి ఉత్తరము వ్రాయువారు 'జనాబ్' అనవలెనా, 'మొహతర్మా' అనవలెనా? మరియొక సంగతి. మన దరఖాస్తులలో స్త్రీని మాత్రమే కుమారియా, శ్రీమతియా అని అడుగుచున్నాము. పురుషుని పెండ్లి సంగతి ఏ గుమాస్తాకును పట్టదు. ఇన్నేండ్లుగ ఈ వివరమును నోరెత్తకుండ చెప్పుచున్న సమాజము, ఒకరు స్వచ్ఛందముగ ఒక సర్వనామము చెప్పుకొనిన నవ్వుట మాకు విడ్డూరముగ నున్నది.

కళాశాల కమిటీ వారికి మా విన్నపము స్వల్పము. ప్రవేశపు దరఖాస్తులో శ్రీ, కుమారి, శ్రీమతి అను మాటలు తొలగించి పేరు మాత్రమే యుంచుడు. 'మిమ్ములనెట్లు పిలువవలెను?' అని ఒక పంక్తి, తెలుగునను ఉర్దూలోను, చేర్చుడు. ఖాళీగా విడిచినను ఆక్షేపింపకుడు. అందు వ్రాసినది విద్యార్థి అనుమతి లేక నోటీసు బోర్డుకెక్కరాదు, ఇంటికి పోవు ఉత్తరములలో కనబడరాదు. తరగతిలో ప్రతి విద్యార్థిని 'మీరు' అనియే, ఉర్దూ తరగతిలో 'ఆప్' అనియే సంబోధింపుడు. ఆఫీసు కిటికీ వద్ద బంట్రోతులకు, ఆయాలకు కూడ ఇదియే వర్తించవలెను. క్రొత్త దరఖాస్తులు వేసవికి ముందే అచ్చుకు పోవును గనుక, రాబోవు సమావేశముననే ఈ విషయము చర్చకు తీసికొనవలెనని కోరుచున్నాము.