సర్వర్ల దారి దిగ్బంధం: తీర గ్రామాలకూ తప్పని ముప్పు

పుదుచ్చేరి: ఏటా మాసి మఖం నాడు పుదుచ్చేరి పట్టణంలోని వైతికుప్పం సముద్రతీరానికి మైలం మురుగన్ మొదలుకొని చుట్టుపక్కల ఊళ్ల ఉత్సవమూర్తులు తీర్థవారికి తరలివస్తారు. వేలాది మంది భక్తులతో ఆ మత్స్యకార వాడకు దారితీసే వీధులు కిక్కిరిసిపోతాయి. ఆ పూట వాడలోని ఏదైనా ఇంటికి వైద్యుడు రావలసి వస్తే సకాలంలో రాలేడు. ఎవరూ వీధిని తవ్వలేదు, ఇంటి తలుపు పగలగొట్టలేదు; దారి నిండిపోయింది, అంతే. కంప్యూటర్ సర్వర్లపై జరిగే ‘సేవా నిరాకరణ’ దాడి స్వరూపం కూడా ఇటువంటిదే. అయితే వైతికుప్పానికి వచ్చేవారు దేవుని కోసం వస్తారు. సర్వర్ వద్దకు వచ్చే గుంపు దారి మూయడానికే పురమాయించినది.

డినయల్ ఆఫ్ సర్వీస్ అని కంప్యూటర్ రంగంలో వ్యవహరించే ఈ దాడిలో సమాచారం చోరీ కాదు, ఖాతాల్లో సొమ్ము మాయం కాదు. అందువల్లనే దీనిని చిల్లర అల్లరిగా కొట్టిపారేసే ధోరణి మన కార్యాలయాల్లో కనిపిస్తుంది. ఈ ధోరణి ఎంత ప్రమాదకరమో గ్రహించడానికి వైతికుప్పం వంటి మత్స్యకార వాడను మించిన ఉదాహరణ అక్కరలేదు. అలల ఎత్తు, గాలి వేగం, చేపలు లభించే అవకాశమున్న ప్రాంతాల వివరాలను దేశంలోని తీర గ్రామాలకు అందించేది హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం. ఇన్‌కాయిస్‌గా ప్రసిద్ధమైన ఈ సంస్థ 1999లో ఏర్పడింది. సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం కూడా 2007 నుంచి అక్కడే పనిచేస్తోంది. సముద్రం లేని హైదరాబాదులోని కంప్యూటర్లు బంగాళాఖాతం మీద పడవ ఎక్కేవానికి కళ్లుగా ఉన్నాయన్న మాట. ఆ సంస్థపై ఇటువంటి దాడి జరిగిందని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. తుపాను ముంచుకొస్తున్న గంటల్లో ఏ హెచ్చరిక సంస్థ సర్వర్‌కైనా దారి మూసుకుపోతే జరిగే నష్టాన్ని రూపాయల్లో లెక్కించలేమన్నది మాత్రం గమనార్హం.

ఈ దాడుల చరిత్రలో తొలినాటి ప్రముఖ ఘట్టం 1996 సెప్టెంబరులో న్యూయార్కులో జరిగింది. పానిక్స్ అనే ఇంటర్నెట్ సేవా సంస్థను కొన్ని రోజుల పాటు స్తంభింపజేసిన ఆ దాడి కిటుకు చిన్నదే. సాధారణంగా ఒక కంప్యూటర్ సర్వర్‌తో మాట్లాడదలిస్తే ముందుగా అనుమతి కోరుతుంది. సర్వర్ సరేనని బదులిచ్చి, తన పట్టికలో ఒక స్థానం కేటాయించి, అవతలివారి ధ్రువీకరణ కోసం వేచి ఉంటుంది. దాడి చేసేవారు దొంగ చిరునామాలతో వేలకొద్దీ కోరికలు పంపారు. సర్వర్ బదులిచ్చింది, ధ్రువీకరణ మాత్రం ఎన్నటికీ రాలేదు. పట్టిక నిండింది. నిజమైన ఖాతాదారుకు చోటు మిగలలేదు.

దానికి విరుగుడు ఆ నెలలోనే రూపుదిద్దుకోవడం విశేషం. అడిగిన ప్రతివాని పేరూ రిజిస్టరులో రాసి కూర్చోబెట్టే బదులు, ఒక రహస్య సంఖ్య రాసిన చీటీ ఇచ్చి పంపి, ఆ చీటీ తిరిగి తెచ్చినవానికే చోటు ఇవ్వడం ఆ విధానం. చిరునామా దొంగదైతే చీటీ చేరదు కనుక తిరిగి రాదు. సిన్ కుకీలుగా పేరొందిన ఈ పద్ధతి సర్వర్లలో ఇప్పటికీ పనిచేస్తోంది.

అసలు దొంగ చిరునామాతో సమాచారం బయటకు పోనివ్వడమే తప్పని, ప్రతి ఇంటర్నెట్ సేవా సంస్థ తన గుమ్మం వద్దనే దానిని ఆపాలని 2000 సంవత్సరం మే నెలలో అంతర్జాతీయ సాంకేతిక నిపుణుల బృందం సిఫారసు చేసింది. పాతికేళ్లు గడిచాయి. ఆ సిఫారసు ఇంకా అందరూ పాటించడం లేదు. కారణం తేలికగా ఊహించవచ్చు: ఖర్చు పెట్టేది ఒకరు, మేలు పొందేది మరొకరు.

కెమెరాల సేన

మొదట్లో ఈ దాడులు ఒకటి రెండు కంప్యూటర్ల నుంచి జరిగేవి. చిరునామా కనిపెట్టి అడ్డుకుంటే సరిపోయేది. తరువాత వేలకొద్దీ యంత్రాలను వాటి యజమానులకే తెలియకుండా వశపరచుకుని ఏకకాలంలో ఉసిగొల్పే పద్ధతి వచ్చింది. 2000 ఫిబ్రవరిలో యాహూ, ఈబే, అమెజాన్, సీఎన్‌ఎన్ వెబ్‌సైట్లను కుదేలు చేసినవాడు కెనడాకు చెందిన పదిహేనేళ్ల బాలుడు. 2016 అక్టోబరు 21న డిన్ అనే అమెరికన్ సంస్థపై జరిగిన దాడితో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ సహా అనేక సేవలు గంటల తరబడి అందుబాటులో లేకుండా పోయాయి. అందుకు వాడిన ‘మిరాయ్’ అనే దుష్ట ప్రోగ్రామ్ కంప్యూటర్ల జోలికే పోలేదు. ఇంటర్నెట్‌కు కలిపిన నిఘా కెమెరాలు, రికార్డర్లు, రూటర్లు దాని సైనికులు. తయారీదారు పెట్టిన పాస్‌వర్డ్‌ను కొన్నవారు మార్చకపోవడమే వాటికి పట్టిన శని. దుకాణం ముందు దొంగల కోసం బిగించిన కెమెరా మరో ఖండంలోని సర్వర్‌పై రాళ్లు రువ్వుతుందని ఆ దుకాణదారుకు తోచే అవకాశమే లేదు. మిరాయ్‌ను రూపొందించినవారు మైన్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆట సర్వర్ల వ్యాపారంలో పోటీదారులను దెబ్బతీయాలని బయలుదేరిన యువకులని 2017లో వారు నేరం అంగీకరించినప్పుడు వెల్లడైంది.

ఇంతకంటె చవకైన పద్ధతి మరొకటి ఉన్నది. ఎదుటివాని చిరునామాతో వేరొక సర్వర్‌కు చిన్న ప్రశ్న పంపితే, దాని భారీ జవాబు వెళ్లి ఎదుటివాని నెత్తిన పడుతుంది. పొరుగువాని పేరుతో ఊరంతటి సరుకుకూ ఆర్డరు పెట్టడం వంటిది. 2018 ఫిబ్రవరి 28న గిట్‌హబ్ సంస్థపై సెకనుకు 1.35 లక్షల కోట్ల బిట్ల వేగంతో విరుచుకుపడిన దాడి ఈ కోవకు చెందినదే. అందులో వాడుకున్న మెమ్‌క్యాష్డ్ సర్వర్లు ప్రశ్నకంటె 50 వేల రెట్ల వరకు పెద్దదైన జవాబు ఇవ్వగలిగినవి. మరోవంక 2023 ఆగస్టులో గూగుల్ సర్వర్లకు సెకనుకు 39.8 కోట్ల కోరికలు పంపిన దాడి వెబ్ పేజీలు అందించే కొత్త పద్ధతిలోని లోపాన్ని ఆసరా చేసుకున్నది: కోరిక పంపడం, వెనువెంటనే రద్దు చేయడం, మళ్లీ పంపడం. పంపేవానికి శ్రమ లేదు, చాకిరీ అంతా సర్వర్‌ది.

ఇవన్నీ పరాయి దేశాల కథలని భావించనక్కరలేదు. 2023 ఏప్రిల్‌లో హైదరాబాదు సహా దేశంలోని పలు విమానాశ్రయాల వెబ్‌సైట్లపై ‘అనానిమస్ సూడాన్’ పేరుతో దాడులు జరిగాయని సైబర్ భద్రతా సంస్థలు వెల్లడించాయి. అదే ముఠాకు చెందినవారంటూ ఇద్దరు సూడాన్ సోదరులపై అమెరికా న్యాయశాఖ 2024 అక్టోబరులో అభియోగాలు బయటపెట్టింది. మొత్తం 35 వేలకు పైగా దాడులు వారి ఖాతాలో ఉన్నాయని ఆరోపణ. లాస్ ఏంజెలెస్‌లోని సీడార్స్ సైనాయ్ ఆస్పత్రిపై జరిగిన దాడి ఫలితంగా అత్యవసర విభాగానికి వచ్చే రోగులను సుమారు ఎనిమిది గంటల పాటు ఇతర ఆస్పత్రులకు మళ్లించవలసి వచ్చిందని కూడా అందులో పేర్కొన్నారు. చిల్లర అల్లరి అనేవారు ఈ ఒక్క వాక్యం చదివితే చాలు.

ఎవరిని ఆపాలి?

రక్షణ మార్గాలు లేకపోలేదు. ఒకే సర్వర్‌పై ఆధారపడకుండా అదే సమాచారాన్ని పలు నగరాల్లోని సర్వర్ల నుంచి అందించవచ్చు. వచ్చే ప్రవాహాన్ని ముందుగా వడపోత కేంద్రాలకు మళ్లించి, చెత్త తీసివేసి, మిగిలినదానినే లోపలికి పంపవచ్చు. గిట్‌హబ్ పది నిమిషాల్లోనే తెప్పరిల్లింది ఈ విధంగానే. అయితే సర్వర్ అసలు చిరునామా బయటపడి ఉంటే దాడి చేసేవాడు వడపోత కేంద్రాన్ని తప్పించుకుని నేరుగా వస్తాడు. సొంత కార్యాలయంలో ఖరీదైన ఫైర్‌వాల్ కొని నిశ్చింతగా ఉండటం కూడా భ్రమే. ఇంటి గొళ్లెం ఎంత గట్టిదైనా వీధి మొత్తం నిండిపోయినప్పుడు ప్రయోజనం లేదు; వీధి ఇంటర్నెట్ సేవా సంస్థది. ఆ సంస్థలో అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలో ముందే తెలిసి ఉండటం ఫైర్‌వాల్‌కంటె విలువైనది.

అసలు చిక్కు వేరే ఉన్నది. ఫెంగల్ తుపాను 2024 నవంబరు 30న పుదుచ్చేరి సమీపంలో తీరం దాటింది. పట్టణంలో 24 గంటల్లో 46 సెంటీమీటర్లకు పైగా వర్షం కురిసింది. అటువంటి రోజున వాతావరణ వెబ్‌సైట్లను లక్షలాది మంది మళ్లీ మళ్లీ తెరుస్తారు. సర్వర్ కంటికి వారికీ దాడి చేసే గుంపుకూ భేదం వెంటనే కనిపించదు. ఒకే చిరునామా నుంచి ఎక్కువ కోరికలు వస్తే ఆపివేయాలన్నది వాడుకలో ఉన్న నియమం. కాని పాత పద్ధతి ఇంటర్నెట్ చిరునామాలు చాలక సెల్‌ఫోన్ సంస్థలు ఒక్కొక్క చిరునామాను వందలాది మంది ఖాతాదారులకు ఉమ్మడిగా పంచుతున్నాయి. ఆ చిరునామాను మూస్తే ఒక కుప్పం యావత్తూ చీకట్లో ఉండవచ్చు. బొమ్మలు చూసి గుర్తించమనే పరీక్షలు పెడితే, తడి చేతులతో చిన్న ఫోన్ పట్టుకున్న మత్స్యకారుడు వెనుదిరుగుతాడు.

విదేశాల నుంచి వచ్చే కోరికలను మొత్తంగా నిరోధించడం మరొక సులువైన ఉపాయం. దాడి జరిగినప్పుడల్లా అధికారులకు మొదట స్ఫురించేదీ ఇదే. ఇక్కడ పుదుచ్చేరి అనుభవమే ఒకటి గుర్తుచేసుకోవాలి. స్వామినాథన్ పరిశోధన ఫౌండేషన్ 1998 నుంచి ఈ ప్రాంత గ్రామాల్లో సమాచార కేంద్రాలను నెలకొల్పింది. వీరాంపట్టినంలో అమెరికా నౌకాదళం వెబ్‌సైట్ నుంచి అలల ఎత్తు వివరాలు తీసి మైకులో చదివేవారు. 2004 డిసెంబరు 26న సునామీ విరుచుకుపడుతున్న వేళ నల్లవాడు గ్రామానికి హెచ్చరిక ఆ ఊరి మనిషి చేసిన ఫోన్ ద్వారా సింగపూర్ నుంచి అందింది. సమాచార కేంద్రం మైకులో ఆ కబురు చాటగానే జనం ఒడ్డు వదిలి ప్రాణాలు దక్కించుకున్నారు. యానాం నుంచి, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లినవారు ఎందరో ఉన్నారు. దేశం వెలుపలివారికి హెచ్చరిక పేజీని మూసివేస్తే దాడి చేసేవాడు స్వదేశంలోనే వశపరచుకున్న కెమెరాల నుంచి వస్తాడు. మూతపడేది ఆ సింగపూర్ ఫోన్‌కు ఆధారమైన సమాచారమే.

కనుక హెచ్చరిక సంస్థలు తమ ముఖ్య ప్రకటనను బరువైన పటాల నుంచి వేరుచేసి, కొన్ని పంక్తుల అక్షర రూపంలో పలుచోట్ల ఉంచడం మేలు. అటువంటి పేజీకి సర్వర్ లెక్కలు కట్టనక్కరలేదు, నకళ్లు ఎన్నిచోట్లనైనా నిలువ చేయవచ్చు. ఎస్సెమ్మెస్, ఫ్యాక్స్, రేడియో వంటి పాత దారులను ఖర్చు పేరిట మూసివేయరాదు. 2019 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన ‘జెమిని’ పరికరం సెల్‌ఫోన్ సంకేతాలు అందని దూరంలోని పడవలకు గగన్ ఉపగ్రహ వ్యవస్థ ద్వారా ఇన్‌కాయిస్ హెచ్చరికలను చేరవేస్తుంది. చివరి మెట్టులో ఇంటర్నెట్‌తో నిమిత్తం లేనందున వెబ్‌సైట్ దారి మూసినంత మాత్రాన అది ఆగదు. పడవ నుంచి తిరుగు సమాధానం పంపే వీలు మాత్రం అందులో లేదు.

చట్టం విషయానికి వస్తే, సమాచార సాంకేతిక చట్టం 43వ సెక్షన్ సేవా నిరాకరణను స్పష్టంగా పేర్కొంటున్నది. దురుద్దేశంతో పాల్పడితే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు లేదా 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. దాడి బయటపడిన ఆరు గంటల్లోగా సెర్ట్-ఇన్ సంస్థకు తెలియజేయాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశం నిర్దేశించింది. అదే ఆదేశం ప్రకారం సర్వర్ రాకపోకల చిట్టాలను 180 రోజుల పాటు భద్రపరచాలి.